మబ్బులోకి చూపిన వేలు

గైడు ఆ ఉదయం కూడా అందరికన్నా ముందే లేచాడు. లేచీ లేవగానే తలగడ కింద చెయ్యి పెట్టి తాళంచెవి ఉందో లేదో చూసుకున్నాడు. ఉంది. గది తలుపు గడియ తను వేసినట్టే ఉందా, ఎవరైనా కదిపారా అని వేళ్లతో తడిమాడు. వేసినట్టే ఉంది. అయినా మనసు కుదుటపడలేదు. అంత తేలిగ్గా కుదుటపడే మనసైతే ఆయన గురించి చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

ఆయనకు యాభై నాలుగేళ్లు. కొండలు చూడడానికి వచ్చినవాళ్లని బస్సెక్కించుకుని, ఆరు రోజులు తిప్పి, చూపించవలసినవన్నీ చూపించి, ఆరో రోజు సాయంత్రం స్టేషన్లో దింపడం ఆయన ఉద్యోగం. ఒకే కంపెనీ, ఒకే దారి, ఇరవై మూడేళ్లు. అంతకు ముందు అదే దారిలో సామాన్లు మోసేవాడు. మోస్తూ మోస్తూ, ముందు నడిచే గైడు చెప్పే కబుర్లన్నీ చెవిన వేసుకున్నాడు. ఒకరోజు ఆ గైడుకు గొంతు పోతే ఈయన మూట కింద పెట్టి, ఏ శిఖరం పేరేమిటో, ఏ వాగులో ఎవరి గేదె కొట్టుకుపోయిందో పూసగుచ్చినట్టు చెప్పాడు. గేదె సంగతి అక్కడికక్కడ కల్పించిందే. జనం దానికే ఎక్కువ నవ్వారు. ఆ రోజుతో బరువు వీపు మీంచి దిగి నాలుక మీదికెక్కింది.

అనుమానం మాత్రం పుట్టుకతో వచ్చింది కాదు, సంపాదించుకున్నది. గైడుగా చేరిన మూడో ఏట, ఒకే కంచంలో తిని ఒకే దుప్పటి కప్పుకున్న స్నేహితుడు ఆఫీసుకు వెళ్లి, ఈయన తాగి బస్సెక్కుతున్నాడని చెప్పి, ఈయన దారి తను తీసుకున్నాడు. ఈయన జన్మలో చుక్క ముట్టి ఎరగడు. రెండేళ్లు ఇంట్లో కూర్చున్నాడు. తిరిగి పిలిచేసరికి మనిషి మారిపోయాడు. టిఫిను డబ్బాకి తాళం వేసేవాడు. ఎవరైనా బాగున్నారా అంటే, ఎందుకడుగుతున్నాడా అని ఆలోచించేవాడు. ఆరేసిన బట్టల క్లిప్పులు లెక్కపెట్టి మరీ ఊరెళ్లేవాడు. "ఈయన వెనకాల నడవడానికి నీడక్కూడా భయమే. నిన్నెవరు పంపారని దాన్నీ నిలదీస్తారు" అని భార్య నలుగురిలో అనేసేది. నలుగురూ నవ్వేవారు. ఎవరు ఎక్కువ నవ్వారో ఈయన గుర్తుపెట్టుకునేవాడు.

ఇంతగా అందరినీ కనిపెట్టి తిరిగే మనిషికి మూడేళ్లుగా కళ్లు సరిగ్గా కనబడడం లేదు. మొదట దారి పక్క బోర్డులు చెరిగిపోయాయి. తరవాత మొహాలు. ఈ ఏడాది మెట్ల అంచులు కూడా. పాలు తాగి కడగకుండా వదిలేసిన గాజుగ్లాసులోంచి చూసినట్టుంది లోకమంతా. పట్నంలో కంటి డాక్టరు ఉన్నాడు గానీ, ఆ డాక్టరూ కంపెనీ మేనేజరూ ఆదివారం ఆదివారం క్యారమ్స్ ఆడతారు. పక్క ఊళ్లో ఇంకో డాక్టరు ఉన్నాడు గానీ, ఆ ఊరి బస్టాండు నిండా తన కంపెనీ వాళ్లే. కళ్లు చూపించుకుందామంటే, చూసేవాళ్ల కళ్లంటే భయం. చూపు లేని గైడుని ఏ కంపెనీ ఉంచుకుంటుంది? రెండేళ్లు ఇంట్లో కూర్చున్న రుచి ఆయనకింకా నోట్లోనే ఉంది. అందుకని భార్యకు కూడా చెప్పలేదు. తను చెప్పలేదు కాబట్టి ఎవరికీ తెలియదనుకున్నాడు. పిల్లి కళ్లు మూసుకునే పాలు తాగుతుంది మరి.

ఇలా ఉండగా సీజను మొదట్లో మేనేజరు ఐదుగురు గైడులనీ కూర్చోబెట్టి ఒక మాట అన్నాడు. "ఈ ఏడాది మీ బస్సుల్లో మన మనిషి ఒకరుంటారు. మామూలుగా టికెట్టు కొనుక్కుని మామూలుగా తిరుగుతారు. ఏ ట్రిప్పో చెప్పను, ఆడో మగో చెప్పను. వాళ్లు రాసిచ్చినదాన్ని బట్టే వచ్చే ఏడాది ఎవరుంటారో, ఎవరింటికెళ్తారో తేలుతుంది." మిగతా నలుగురూ బయటికొచ్చి టీ తాగి మరిచిపోయారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాడు ఒక్కడే ఉంటాడు కదా. ఆ రోజు నుంచి ఈయనకు బస్సెక్కిన ప్రతి మనిషీ ఆ మనిషే.

ఈ ట్రిప్పులో పదహారు మంది. మొదటి రోజు అనుమానం కొత్తపెళ్లికొడుకు మీదికి పోయింది, పెళ్లాన్ని పక్కన పెట్టి కొండల ఫొటోలు తీస్తున్నాడని. రెండో రోజు నుంచి పెళ్లాన్నే తీయడం మొదలుపెట్టాడు గనక వదిలేశాడు. అయితే నిన్న జలపాతం దగ్గర్నుంచి ఆ అబ్బాయి తనతో మాట్లాడడం మానేశాడు. ఎందుకో తెలియదు. అదీ ఒక మూల గుచ్చుకుంటూనే ఉంది.

తరవాత అనుమానం టైలరు పెద్దమ్మ మీదికి వెళ్లింది. నలభై ఏళ్లు బట్టలు కుట్టి మిషను మూలపడేసిన ఆవిడ. మెట్టు కనిపిస్తే చాలు, "అబ్బాయ్, మోకాళ్లు పట్టేశాయి, కాస్త చెయ్యివ్వు" అంటూ వచ్చి జబ్బ పట్టుకునేది. పట్టుకుని ఊరుకునేదా? "ఇదిగో ఇక్కడ మెట్టు. ఇక్కడో గుంట. ఈ రాయి చూడు, ఎంత నాచు పట్టిందో" అని ఒకటే గోల. ఇంత చూసి నడిచేదానికి నా చెయ్యెందుకమ్మా అని నోటిదాకా వచ్చేది. చివరికి, గూఢచారులు ఇంత వాగరని ఆవిడనీ లెక్కలోంచి కొట్టేశాడు.

మిగిలింది నోటుబుక్కాయన. అరవై దాటిన మనిషి, వెనక సీటులో కిటికీ పక్కన. ఎంత నవ్వించినా నవ్వడు. గేదె కథకి కూడా నవ్వలేదు. రోజుకు మూడుసార్లు, తిండికి ముందో వెనకో, జేబులోంచి చిన్న నల్ల పుస్తకం తీసి ఏదో రాసుకుని మళ్లీ లోపల పెట్టేస్తాడట. పక్కవాళ్లు వంగి చూస్తే చెయ్యి అడ్డం పెడతాడట, పెళ్లికూతురు చెప్పింది. ఇంకేం కావాలి? ఈ సాయంత్రం ఆ పుస్తకం మేనేజరు బల్ల మీద ఉంటుంది. అందులో ఏముంటే అదే తన మిగిలిన బతుకు.

అందరూ బస్సెక్కాక గైడు మెళ్లో మైకు సర్దుకుని లెక్క మొదలుపెట్టాడు. ఆయన లెక్కకో పద్ధతుంది. మొదటి రోజే ఒక్కొక్కరికీ ఒక్కో అంకె ఇచ్చేస్తాడు. బస్సు కదిలే ముందు ఎవరి అంకె వాళ్లు గట్టిగా అరవాలి. పిల్లల ఆటలా ఉందని జనం సరదాపడతారు. తలలు కనబడక పెట్టిన ఆట అని ఎవరికి తెలుసు?

"ఒకటి!" "రెండు!" అని అరుచుకుంటూ వచ్చి, "పది!" దగ్గర ఆగింది. పదకొండు నోటుబుక్కాయనది.

"పదకొండు?" అన్నాడు గైడు.

"ఉన్నాను. ఉన్నాను" అని వెనక నుంచి పొడిగా వినిపించింది. ఆ వెంటనే పుస్తకం రబ్బరుబ్యాండు టప్పుమన్న చప్పుడు. చూపు తగ్గినకొద్దీ గైడు చెవులు అంత పదునెక్కాయి. రాశాడు, అనుకున్నాడు గైడు. చూసి లెక్కపెట్టుకోవడం లేదని రాశాడు.

బస్సు నడిపేది గైడు భార్య తమ్ముడే. రెండేళ్లుగా ఈ బస్సు తప్ప వేరే బండి ఎక్కడు. మైదానం దారిలో నున్నటి రోడ్డు మీద తిరిగే పెద్ద బస్సు ఇస్తామన్నా వద్దన్నాడట. ఎందుకు వద్దన్నాడు? అదీ గైడుకు మింగుడుపడని విషయమే. పోయిన నెల మేనేజరు వాణ్ణి ఒక్కణ్ణే గదిలోకి పిలిచి పావుగంట మాట్లాడాడు. బయటికొచ్చాక ఏమిట్రా అంటే "టైర్ల గురించి బావా" అన్నాడు. నాలుగు టైర్ల గురించి పావుగంటా?

గంట ప్రయాణం తరవాత మలుపులో టీ దుకాణం దగ్గర ఆగారు. నోటుబుక్కాయన చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్లాడు. బల్ల మీద గైడు చేతికి చల్లగా, నున్నగా ఏదో తగిలింది. చుట్టూ రబ్బరుబ్యాండు. పుస్తకం!

పరాయి వస్తువు ముట్టడం తప్పని తెలుసు. తెరిచాడు. కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు, వెలుతురుకి తిప్పాడు. తెల్లటి కాగితం మీద తడి చెయ్యి పెట్టి రుద్దినట్టు ఉంది తప్ప ఒక్క అక్షరం నిలబడలేదు. ఆరు రోజులుగా నిద్ర పట్టనివ్వని పుస్తకం చేతిలోకొచ్చి, చదవలేకపోవడం! ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడే డ్రైవరు పక్క నుంచి వెళ్తున్నాడు.

"ఒరేయ్, ఇలా రా. కళ్లజోడు బస్సులో ఉండిపోయింది. ఇందులో ఏముందో చూసి చెప్పు, తొందరగా."

కళ్లజోడు గైడు చొక్కా జేబులోంచి బయటికి కనబడుతూనే ఉంది. డ్రైవరు దాన్ని చూశాడు. పుస్తకం తీసుకున్నాడు.

"తారీకులున్నాయి బావా. పక్కన అంకెలున్నాయి."

"ఏం అంకెలు?"

"మొదటి రోజు నూట ఎనభై. తరవాత నూట డెబ్బై నాలుగు. నూట అరవై రెండు... నిన్న నూట నలభై ఎనిమిది."

"ఇంకా?"

"ఇంకేం లేదు. మనకెందుకు బావా, ఆయనొస్తున్నాడు" అని పుస్తకం బల్ల మీద పెట్టేసి డ్రైవరు వెళ్లిపోయాడు. వాడి గొంతులో ఏదో అణుచుకున్నట్టుంది. నవ్వా? జాలా? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, అనుకున్నాడు గైడు.

అంకెల సంగతి మాత్రం ఇట్టే తేలిపోయింది. మార్కులు! రెండు వందలకి. రోజురోజుకీ పడిపోతున్నాయి. నిన్న జలపాతం దగ్గర ఏకంగా నూట నలభై ఎనిమిదికి దిగాయి. ఈ ఒక్కరోజులో పైకి లాక్కోవాలి. ఎలా? గైడు గబగబా దుకాణంవాడి దగ్గరికి వెళ్లి, చిక్కటి పాలతో స్పెషల్ టీ చేయించి, నాలుగు చెంచాల పంచదార వేయించి, గ్లాసు రెండు చేతులా పట్టుకుని నోటుబుక్కాయన ముందు నిలబడ్డాడు.

"సార్, మీ కోసం."

ఆయన గ్లాసులోకి చూసి ఉలిక్కిపడ్డాడు. "వద్దండీ. నాకొద్దు."

"కంపెనీ లెక్కలోది కాదు సార్. నా తరఫున. ఒక్క గుక్క తాగి చూడండి, తేనెలా ఉంటుంది."

"తేనెలా ఉంటుందనే వద్దంటున్నాను! దయచేసి అది నా దగ్గరికి తేకండి" అని లేచి అవతలి బల్లకి వెళ్లి కూర్చున్నాడు.

గైడు ఆ గ్లాసుతో అలాగే నిలబడ్డాడు. నిప్పులాంటి మనిషి, అనుకున్నాడు. టీ గ్లాసుకే లొంగలేదు. ఇలాంటివాడి చేతిలో పడ్డాక ఇంక ఎవరు కాపాడతారు? ఇక మిగిలింది కొండ చివర వ్యూపాయింటు ఒక్కటే. ఆరు రోజుల యాత్రకీ అది చివరి మెరుపు. అక్కడ తనని కొట్టేవాడు ఈ కొండల్లోనే లేడు. ఏం మార్కులు వేసినా అక్కడే వేయాలి.

వ్యూపాయింటులో ఎండ కాస్తోంది. వీపు మీద వెచ్చగా తగిలి గైడుకు హుషారొచ్చింది. అక్కడ లోయ అంచున ఇనప కంచె ఉంటుంది. దానికి నాలుగో స్తంభం పక్కన నిలబడి, కుడి మోచెయ్యి స్తంభానికి ఆనించి చెయ్యి చాస్తే, వేలు సరిగ్గా మొదటి శిఖరం మీదికి వెళ్తుంది. అక్కడి నుంచి జానెడు జానెడు చొప్పున ఎడమకి జరపడమే. ఇరవై మూడేళ్లలో ఒక్కసారి కూడా గురి తప్పలేదు. ఎదర చూశాడు. తెల్లగా ఉంది. మంచుకొండలు తెల్లగా కాక ఇంకెలా ఉంటాయి?

"రండి రండి, అందరూ ముందుకి రండి! సార్, మీరు ఇలా నా పక్కకి రండి. మీ అదృష్టం బాగుంది, ఇంత స్పష్టంగా ఈ సీజన్లో కనబడలేదు" అని మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. "అదిగో, నా వేలు చివర చూడండి. దాని పేరు ముసలాయన ముక్కు. చివర కొంచెం వంగి ఉంది చూశారా? పొద్దున్నపూట దాని చివర మంచు చుక్కలా వేలాడుతుంది, జలుబు చేసినట్టు. దాని పక్కన రెండూ అక్కాచెల్లెళ్లు. చూడండి, ఒకదాని మొహం ఒకటి చూసుకోవు. ఎందుకంటారా? ఇద్దరికీ ఒకే చీర నచ్చింది!"

ఎవరూ నవ్వలేదు. ఎక్కడో పెళ్లికూతురు కిసుక్కుమంది, ఎవరో "ష్" అన్నారు.

గైడు గొంతు పెంచాడు. "ఆ తరవాతది విరిగిన దువ్వెన, పళ్లు లెక్కపెట్టుకోవచ్చు, ఐదు. అదిగో ఆ చివర మూతి ముడుచుకున్నది అత్తగారు. కోడలు ఎంత చేసినా ఆ మూతి విప్పదు. ఎండ పడి ఎలా మెరుస్తోందో చూడండి! పెద్దమ్మా, కనబడుతోందా?"

వెనక ఏదో గుసగుస నడిచింది. తరవాత టైలరు పెద్దమ్మ గొంతు వినిపించింది. "కనబడుతోంది నాయనా. ఎంత బాగుందో."

"సార్, మీకు?"

"ఆఁ... బాగుంది" అన్నాడు నోటుబుక్కాయన. ఆయన గొంతు ఎప్పటిలా పొడిగా లేదు.

ఆ గొంతుకి గైడు పొంగిపోయాడు. పడ్డాయి మార్కులు! ఇంకో రెండు కథలు అప్పటికప్పుడు అల్లి, అత్తగారి మూతి దగ్గర ఒకప్పుడు జరిగిన హిమపాతం గురించి చేతులు ఊపి ఊపి చెప్పాడు. సరిగ్గా అప్పుడే వెనక ఇంకో బస్సు వచ్చి ఆగింది. వేరే కంపెనీది. దాంట్లోంచి ఒక కుర్ర గైడు దిగుతూనే, తన జనానికి గట్టిగా చెప్పాడు.

"సారీ అండీ, పొద్దున్నించీ మొత్తం మబ్బు పట్టేసింది. ఒక్క శిఖరం కూడా కనబడడం లేదు, అంతా తెల్లగోడే. ఇక్కడ దిగినా లాభం లేదు. పదండి, కిందికెళ్లి ఏదైనా తిందాం."

తలుపు మూసుకుంది. బస్సు తిరిగి వెళ్లిపోయింది.

గైడు చెయ్యి ఇంకా చాచే ఉంది. దించడం ఎలాగో మరిచిపోయినట్టు అలాగే నిలబడ్డాడు. కాసేపటికి చెయ్యి దానంతటదే దిగింది. దొంగకు తేలు కుట్టినట్టైంది ఆయన పని.

"మబ్బా?" అన్నాడు. మైకు నోటి దగ్గరే ఉండిపోవడంతో ఆ మాట లోయంతా వినబడింది. "మరి మీరెవరూ చెప్పలేదేం?"

ఎవరో కంకర మీద కాళ్లు జరుపుకున్నారు.

"పదహారు మంది నిలబడి నాటకం చూశారా? నేను మబ్బుకి ముక్కూ మూతీ పెడుతుంటే తమాషాగా ఉందా?" అని అరిచాడు. నోటుబుక్కాయన ఉన్న వైపు తిరిగాడు. "రాసుకోండి సార్! తీయండి పుస్తకం. ఈ రోజుకి సున్నా వేసి మేనేజరుకి ఇచ్చేయండి!"

"ఏ మేనేజరు?" అన్నాడాయన తెల్లబోయి.

"నాకు తెలుసు సార్. నూట ఎనభై, నూట అరవై రెండు, అన్నీ తెలుసు."

"అది నా షుగరండీ!" అన్నాడాయన. "డాక్టరు రోజూ రాయమన్నాడు. ఈ ఆరు రోజులూ కొండలెక్కి దిగేసరికి కొంచెం తగ్గింది. కావాలంటే మీరే చూడండి" అని పుస్తకం తెరిచి గైడు చేతిలో పెట్టి, పెట్టాక గాని తనేం చేశాడో ఆయనకు తెలియలేదు. గైడు ఆ కాగితం వంక చూస్తూ ఉండిపోయాడు.

టైలరు పెద్దమ్మ వచ్చి పుస్తకం మెల్లగా తీసుకుంది. "మాకు రెండో రోజే తెలిసింది నాయనా. గుమ్మం దగ్గర నిలబెట్టిన పెట్టెతో 'కాస్త తప్పుకోండమ్మా' అన్నావు. నాకు అప్పుడే అర్థమైంది. నేనూ నాలుగేళ్లు దాచాను మరి. వేళ్లతో కుట్లు లెక్కపెట్టుకుంటూ కుట్టాను, ఎవరికీ తెలియకుండా. ఒక పెద్దాఫీసరు కోటుకి రెండూ ఎడమ చేతులే కుట్టాను. ఆయన తొడుక్కుంటే ఒక చెయ్యి వెనక్కి తిరిగింది. అప్పుడు గాని డాక్టరు దగ్గరికి పోలేదు."

"అయితే మీ మోకాళ్లు..."

"రాయిలా ఉన్నాయి. నీ ఉద్యోగం పోతుందేమోనని అందరం అనుకుని ఊరుకున్నాం. చెయ్యి నేను పట్టుకున్నాను, వెనక ఈ పుస్తకమాయన నడిచాడు."

గైడుకు ఇంకా కోపం తగ్గలేదు. జాలిపడ్డవాళ్ల మీద వచ్చే కోపం అంత తొందరగా తగ్గదు. "నాకెవరి సాయం అక్కర్లేదు. ఈ దారి నాకు అరచేతిలో గీతల్లా తెలుసు. ఇన్నేళ్లలో ఒక్కరికీ చిన్న దెబ్బ తగల్లేదు నా వల్ల."

"నిన్న తగిలేది" అన్నాడు కొత్తపెళ్లికొడుకు.

"నువ్వూరుకో బాబూ" అంది పెద్దమ్మ.

"ఊరుకోలేనండీ. నిన్న జలపాతం పక్కన 'ఇటు రా బాబూ, ఇటు వెడల్పుగా ఉంది' అన్నారు మీరు. కనబడకపోయినా దారి మీకు కంఠతా అని నమ్మి ఫోను చూసుకుంటూ కాలు పెట్టాను. అటు ఏమీ లేదు. మొన్న వానకి అంచు విరిగిపోయింది. ఈ సారు కాలరు పట్టుకుని లాగకపోతే..." ఆ అబ్బాయి ఆగిపోయాడు. పెళ్లికూతురు ఏడుస్తోంది. ఆరు రోజుల్లో ఆ పిల్ల గొంతు నవ్వుగా తప్ప గైడు వినలేదు.

నిన్న వెనక ఏదో గలాటా, రాళ్లు దొర్లిన చప్పుడు ఆయన విన్నాడు. పెళ్లికొడుకు చూసుకుని నడవడు, నోటుబుక్కాయన దాన్ని కూడా రాస్తాడేమో అని మాత్రమే అనుకున్నాడు.

"మేం చేసిందీ తప్పే" అంది పెద్దమ్మ. "నిన్న అక్కడే నిలదీసి అడగాల్సింది. నోరు రాలేదు. నాది బట్ట నాయనా. చెడితే ఇంకో తాను తెచ్చి కుట్టిచ్చాను."

గైడు కంచె పట్టుకుని కూర్చుండిపోయాడు.

దిగేటప్పుడు ఆయన మైకు ముట్టలేదు. డ్రైవరు పక్క సీటులో ముందుకి చూస్తూ కూర్చున్నాడు. ఎదురుగా దారి వస్తోందో మబ్బు వస్తోందో ఆయనకు తేడా లేదు. సగం దారి దిగాక డ్రైవరుని అడిగాడు.

"నీకు తెలుసా?"

"తెలుసు బావా."

"ఎప్పట్నించి?"

"రెండేళ్ల నించి. అక్కే చెప్పింది. అన్నంలో రాయి ఏరడం మానేశారు, ఏదో అయింది, నువ్వు ఆయన బండే నడుపు అంది."

గైడు పళ్లు కొరికాడు. భార్య, బావమరిది, పదహారు మంది పరాయివాళ్లు. అందరూ కలిసి కుట్ర చేశారు. వెతికి వెతికి కుట్ర పట్టుకున్నాడు గానీ, అది తనని ముంచడానికి కాదు, తేల్చడానికి. అలాంటి కుట్రని ఏం చేసుకోవాలో ఆయనకు తెలియలేదు.

"మరి మేనేజరు నిన్ను పిలిచి..."

"టైర్ల గురించే బావా! ఒట్టు."

పట్నంలో ఆఫీసు ముందు బస్సు ఆగింది. రైలుకి ఇంకా టైముంది. ప్రయాణికులు వరండాలో కూర్చుని, కంపెనీ ఇచ్చిన అభిప్రాయాల కాగితాలు నింపి, లోపలికి పంపించారు. తరవాత గైడుకు లోపలి నుంచి పిలుపొచ్చింది.

మేనేజరు మంచి హుషారుగా ఉన్నాడు. "నువ్వు దేవుడివయ్యా! పదహారు కాగితాలూ ఒకటే మాట. ఇంత బాగా చూపించిన గైడుని చూడలేదట. షుగరు తగ్గిందని కూడా రాశాడొకాయన, నీకేం సంబంధమో మరి."

గైడు అడుగుదామా వద్దా అనుకుంటూనే అడిగేశాడు. "సార్, మన మనిషి అన్నారు. ఈ ట్రిప్పులో ఎవరు?"

మేనేజరు పకపకా నవ్వాడు. "నువ్వొక్కడివే నమ్మినట్టున్నావు! మన మనిషీ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఆ మాట అంటే ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తారని అన్నాను. ఎవరికీ చెప్పకు. ఇదిగో, ఎల్లుండి బ్యాచ్. పద్దెనిమిది మంది. వాళ్లలో ఐదుగురు చిన్నపిల్లలు, జలపాతం తప్పకుండా చూపించమన్నారు."

కాగితం చేతిలోకొచ్చింది. తెల్లటి కాగితం. గైడు దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. అంతా సవ్యంగానే ఉంది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ చెప్పరు. మడిచి జేబులో పెట్టుకుంటే చాలు, రాత్రికి భార్య చదివి పెడుతుంది, ఎల్లుండి బావమరిది పక్కనుంటాడు. ఇంకో టైలరు పెద్దమ్మ దొరకకపోతుందా? ఇన్నేళ్లూ ఎవరు తన ఉద్యోగం ఊడబెరుకుతారా అని కాచుకుని ఉన్నాడు. ఇప్పుడు ఊడబెరికేవాడు ఒక్కడూ లేడు. ఐదుగురు చిన్నపిల్లలు, అన్నాడు మేనేజరు.

"సార్, ఇందులో ఏం రాసుందో చదివి వినిపించండి."

"ఏం, కళ్లజోడు మరిచిపోయావా?"

"జేబులోనే ఉంది. పెట్టుకున్నా కనబడదు. మూడేళ్లయింది."

మేనేజరు నవ్వబోయి ఆగాడు. గైడు ఆపకుండా చెప్పుకుపోయాడు, ఆపితే మళ్లీ చెప్పలేనని. నిన్న ఒక అబ్బాయిని లేని దారిలోకి రమ్మన్నాననీ, ఒక పెద్దాయన లాగబట్టి బతికాడనీ, ఈ రోజు మబ్బుని చూపించి శిఖరాలన్నాననీ చెప్పాడు.

మేనేజరు మొహంలో ఏముందో గైడుకు తెలియదు. మొహాలు చదివే బతికిన మనిషి, ఆ ఒక్క మొహం కోసం వెతుక్కోవడం మానేసి ఊరికే నిలబడ్డాడు.

"డ్రైవరు మీవాడే కదా. వాడికి తెలుసా?"

"వాడికేం తెలుసు సార్. వాడి చూపు రోడ్డు మీద ఉంటుంది. నేనెవరికీ తెలియనివ్వలేదు."

కుర్చీ కిర్రుమంది. గైడు చేతిలోని కాగితం మేనేజరు తీసుకున్నాడు.

"రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్లు. నేను ఫోన్ చేస్తాను. ఏమంటాడో చూద్దాం, ఏ మాటా ఇవ్వలేను. ఎల్లుండికి వేరేవాణ్ణి చూసుకుంటాను" అన్నాడు మేనేజరు. తరవాత గొంతు సవరించుకుని, "మైకు ఇక్కడ పెట్టెయ్" అన్నాడు.

గైడు మెళ్లోంచి మైకు తీశాడు. ఎప్పుడూ అయితే నడుం బల్లకి తగిలించుకుని, అదెక్కడుందో తెలుసుకుని, అలవాటుగా పెట్టినట్టు నటించేవాడు. ఈసారి ఎడమ చెయ్యి ముందుకి చాచి, గాలిలో ఒకసారి, రెండుసార్లు వెతికి, బల్ల అంచు దొరికాక, దాని మీద పెట్టాడు.